ప్రోస్టేట్ స్కానింగ్: భయం ఒకచోట, జబ్బు మరోచోట

కడుపులో మంట అనో, ఏటా చేయించుకునే ఆరోగ్య పరీక్షల్లో భాగమనో యాభై దాటిన మగవాళ్లు పొట్ట స్కానింగ్ చేయించుకుంటారు. కాలేయం బాగుంది, పిత్తాశయం బాగుంది, మూత్రపిండాలు బాగున్నాయి అంటూ సాగిన రిపోర్టు చివర్లో ఒక మాట కాలికి రాయిలా తగులుతుంది: ‘గ్రేడ్ టూ ప్రోస్టేటోమెగలీ’. పక్కనే ఒక అంకె, 46 సీసీ అనో 58 సీసీ అనో. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టదు. ఫోనులో వెతికితే ప్రోస్టేట్ అన్న మాట వెనకే క్యాన్సర్ అన్న మాట తోకలా వస్తుంది.

అదే రిపోర్టులో, ఆ మాటకు కాస్త పైనో కిందో, గ్రంథిలో విడిగా గడ్డ ఏదీ కనిపించలేదని కూడా రాసి ఉంటుంది. కొందరి కన్ను ముందు ఆ వాక్యం మీద పడుతుంది. హమ్మయ్య అనుకుని కాగితాలు బీరువాలో పెట్టేస్తారు.

ఇద్దరూ పొరబడ్డారనే అంటాను. భయపడినవాళ్లు అంత భయపడనక్కర లేదు, ధైర్యం తెచ్చుకున్నవాళ్లకు ఆ కాగితం అంత ధైర్యం ఇవ్వలేదు. ఎందుకంటే పొట్ట మీద జెల్ రాసి తీసే స్కానింగ్ ప్రోస్టేట్ క్యాన్సర్‌ను పట్టే పరీక్ష కానే కాదు. మరి అల్ట్రాసౌండ్‌కూ ఈ క్యాన్సర్‌కూ సంబంధమే లేదా అంటే, చాలా ఉంది. అరవై ఏళ్ల చరిత్ర ఉంది. అయితే ఆ సంబంధం మనం వెతికే చోట లేదు.

గ్రంథి ఒకటే, చిరునామాలు రెండు

ప్రోస్టేట్ మూత్రాశయానికి కింద, మలాశయానికి ముందు ఉంటుంది. వయసులో ఉన్నవాడికి రాచ ఉసిరికాయంత, ఇరవై పాతిక గ్రాముల బరువు. వీర్యంలోని ద్రవంలో కొంత భాగం దీని నుంచే వస్తుంది. మూత్రనాళం ఈ గ్రంథి మధ్యలోంచి, పూసలోంచి దారం వెళ్లినట్టు వెళ్తుంది. తర్వాత వచ్చే తంటాలన్నిటికీ ఈ అమరికే మూలం.

ఆ దారం చుట్టూ ఉన్న లోపలి భాగం వయసుతో పాటు పెరుగుతుంది. అరవై దాటిన మగవాళ్లలో సగానికి పైగా ఈ పెరుగుదల కనిపిస్తుంది. అది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు. లోపలి నుంచి నాళాన్ని నొక్కుతుంది కాబట్టి మూత్రం సన్నగా రావడం, రాత్రి నాలుగుసార్లు లేవాల్సి రావడం వంటి బాధలు దీనివల్లే. స్కానింగ్ రిపోర్టులోని ‘ప్రోస్టేటోమెగలీ’కి అర్థం ఇంతే: గ్రంథి పెద్దదైంది.

క్యాన్సర్ చిరునామా వేరు. సుమారు 70 శాతం క్యాన్సర్లు గ్రంథి వెనుక, పక్క భాగాలను కప్పి ఉండే బయటి పొరలో, మలాశయానికి ఆనుకుని ఉన్న వైపు మొదలవుతాయి. అక్కడ గడ్డ మొలిచినా మధ్యలో ఉన్న నాళానికి ఏమీ తెలియదు. అందుకే తొలిదశలో ఈ క్యాన్సర్‌కు సాధారణంగా లక్షణాలే ఉండవు. మూత్రం బాధలతో ఆసుపత్రికి పరుగెత్తేవాడిలో ఎక్కువసార్లు ఉండేది లోపలి భాగపు ఈ పెరుగుదలే, అంటే వాపు. ఏ బాధా లేకుండా తిరిగేవాడిలో క్యాన్సర్ దాగి ఉండవచ్చు. 2024 జనవరిలో బ్రిటన్ రాజు చార్లెస్ ప్రోస్టేట్ వాపుకు చికిత్స చేయించుకున్నారు. ఆ సమయంలోనే ఆయనకు క్యాన్సర్ ఉన్నట్టు బయటపడింది. అది ప్రోస్టేట్ క్యాన్సర్ కాదని రాజప్రాసాదం విడిగా చెప్పుకోవాల్సి వచ్చింది. జనం మనసులో ఆ రెండు మాటలూ అంతగా అతుక్కుపోయాయి మరి.

బావిలో రాయి వేసినట్టు

స్కానింగ్ గదిలో డాక్టరు చేతిలో ఉండే ప్రోబుకు నోరూ చెవీ ఒకటే. అందులోని స్ఫటికాలు విద్యుత్తు తగలగానే కంపించి శబ్దాన్ని పుట్టిస్తాయి. తిరిగి వచ్చిన ప్రతిధ్వని తగలగానే విద్యుత్తును పుట్టిస్తాయి. ఒత్తిడికీ విద్యుత్తుకూ ఉన్న ఈ చుట్టరికాన్ని క్యూరీ సోదరులు 1880లోనే కనిపెట్టారు. పాడుబడిన బావిలో రాయి వేసి, నీళ్ల చప్పుడు ఎంతసేపటికి వినిపించిందో దాన్నిబట్టి లోతు చెప్పే పద్ధతే ఇది. తేడా ఏమిటంటే, మన ఒంట్లోని మెత్తని భాగాల్లో శబ్దం సగటున సెకనుకు 1,540 మీటర్ల వేగంతో పోతుంది. పది సెంటీమీటర్ల లోతుకు వెళ్లి రావడానికి దానికి సెకనులో పదివేల వంతు కన్నా కాస్త ఎక్కువ సమయం చాలు. అలాంటి వేలాది రాళ్లను వరసగా వేసి, వచ్చిన చప్పుళ్లన్నిటినీ తెర మీద చుక్కలుగా పేర్చితే బొమ్మ తయారవుతుంది.

ఇక్కడ ఒక బేరం ఉంది, దాన్నుంచి ఎవరూ తప్పించుకోలేరు. శబ్దం ఎంత కీచుగా ఉంటే బొమ్మ అంత సన్నని వివరాలు చూపిస్తుంది, కానీ అంత త్వరగా ఒంట్లో ఇంకిపోతుంది. పెళ్లి ఊరేగింపు వీధి చివర ఉన్నప్పుడు మనకు ముందు డోలు మోతే వినిపిస్తుంది. సన్నాయి పలుకులు గుమ్మం దాకా వస్తే గానీ తెలియవు. పొట్ట స్కానింగ్ డోలు మోత లాంటిది. సెకనుకు సుమారు 35 లక్షల కంపనాల శబ్దాన్ని, అంటే 3.5 మెగాహెర్ట్జ్‌ను పొట్ట మీద నుంచి, నిండిన మూత్రాశయంలోంచి కిందికి పంపి అడుగున ఉన్న ప్రోస్టేట్‌ను చూస్తారు. నీళ్లు తాగి మూత్రం ఆపుకోమనేది అందుకే, మూత్రం శబ్దానికి కిటికీలా పనిచేస్తుంది. ఆ కిటికీలోంచి గ్రంథి ఎంత ఉందో తెలుస్తుంది, మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిపోతోందో తెలుస్తుంది. రెండూ పనికొచ్చే సంగతులే. అంత దూరం నుంచి బయటి పొరలోని కొన్ని మిల్లీమీటర్ల గడ్డను గుర్తుపట్టమంటే మాత్రం దాని తరం కాదు. ‘గడ్డ కనిపించలేదు’ అన్న వాక్యం అబద్ధం కాదు. వీధి చివర నుంచి సన్నాయి వినిపించలేదన్నంత నిజం.

దగ్గరికి వెళ్లిన మనిషి

దూరం నుంచి కుదరకపోతే దగ్గరికి వెళ్లాలి. ప్రోస్టేట్‌కు దగ్గరి దారి మలద్వారం, ఎందుకంటే మలాశయం గోడకు ఆవల కొన్ని మిల్లీమీటర్ల దూరంలోనే గ్రంథి ఉంది. వేలితో తడిమి చూసే పరీక్షను డాక్టర్లు ఎప్పటినుంచో ఆ దారిలోనే చేస్తున్నారు. 1960ల చివర్లో జపాన్ యూరాలజిస్టు హిరోకి వతనబే ఆ వేలి స్థానంలో శబ్దాన్ని పెట్టి, డాక్టర్లకు పనికొచ్చే తొలి బొమ్మలను తీశారు. ఆయన పరికరం చూడటానికి కుర్చీ. రోగి కూర్చుంటే ఆసనం మధ్యలోంచి ప్రోబు పైకి లేచి, గుండ్రంగా తిరుగుతూ అడ్డకోతల బొమ్మలు తీసేది. వినడానికి కాస్త ఇబ్బందిగా ఉన్నా, ప్రోస్టేట్ అన్న అవయవాన్ని కోయకుండా కంటితో చూడటం అక్కడే మొదలైంది.

ఇప్పుడు కుర్చీ పోయింది. రోగి ఎడమ పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకుంటాడు, బొటనవేలికన్నా కాస్త లావున్న ప్రోబును తొడుగు వేసి, జెల్ రాసి లోపలికి పంపుతారు. చాలా చోట్ల ఇది స్త్రీలకు లోపలి నుంచి స్కానింగ్ చేసే ప్రోబు రకానిదే. ఒక చిన్న పక్కదారి: గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం కింద అల్ట్రాసౌండ్ యంత్రాలన్నీ నమోదు కావాలి. మగవాళ్లకే వైద్యం చేసే యూరాలజిస్టు గదిలో కూడా ‘ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు’ అన్న బోర్డు కనిపిస్తే నవ్వుకోనక్కర లేదు. యంత్రానికి తన ముందు ఎవరు పడుకున్నారో తెలియదు కదా.

దగ్గరికి వెళ్లడంతో కంపనాలను రెట్టింపు, మూడింతలు పెంచే వీలు వచ్చింది. 1980ల్లో యంత్రాలు మెరుగయ్యాక బయటి పొరలో నల్లని మచ్చలు కనిపించడం మొదలైంది. దాని వెనుక కారణం చక్కగా అర్థమయ్యేదే. ఆరోగ్యంగా ఉన్న బయటి పొర నిండా ద్రవంతో నిండిన చిట్టిచిట్టి గొట్టాలు ఉంటాయి. ప్రతి గొట్టం గోడా శబ్దాన్ని వెనక్కి విసురుతుంది, అందుకే ఆ ప్రాంతం తెర మీద తెల్లగా మెరుస్తుంది. క్యాన్సర్ కణాలు ఆ గొట్టాలను పూడ్చి కిక్కిరిసి కూర్చుంటాయి. గోడలు తగ్గితే ప్రతిధ్వనులు తగ్గుతాయి, ఆ చోటు నల్లబడుతుంది. నల్లగా ఉన్నచోట క్యాన్సర్ ఉంది, ఇక పట్టేసినట్టే అని ఆ రోజుల్లో చాలామంది ఉత్సాహపడ్డారు.

ఆ ఉత్సాహం నిలవలేదు. నల్లని మచ్చల్లో చాలావాటికి సూది గుచ్చి చూస్తే పాత ఇన్‌ఫెక్షన్ గుర్తులో, వాపు ముడులో బయటపడ్డాయి. మన దేశంలో అయితే క్షయ కూడా ఆ వేషం కట్టగలదు. మరోపక్క, మామూలు కణజాలాన్ని ఇంకా పోలి ఉండే క్యాన్సర్లు గొట్టాలను పూర్తిగా పూడ్చవు కాబట్టి చుట్టూ ఉన్న రంగులోనే కలిసిపోతాయి. మూడింట ఒక వంతుకు పైగా క్యాన్సర్లు ఇలా రంగులో కలిసిపోయేవేనని తేలింది. నల్లగా ఉన్నదంతా దొంగ కాదు, దొంగలందరూ నల్లగా లేరు.

ఒక్క మెతుకు చాలదు

1989లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ బృందం ఒకటి ఈ చిక్కును ఒప్పుకుని దారి మార్చింది. మచ్చ కనిపించిన చోటే సూది గుచ్చడం మాని, కనిపించినా కనిపించకపోయినా గ్రంథిని ఆరు భాగాలుగా అనుకుని ఒక్కో భాగం నుంచి ఒక ముక్క తీస్తే ఎక్కువ క్యాన్సర్లు దొరుకుతాయని వాళ్లు చూపించారు. తర్వాత ఆ ఆరు పన్నెండయింది. ప్రపంచమంతటా దశాబ్దాల పాటు ప్రోస్టేట్ క్యాన్సర్ నిర్ధారణ అంటే ఈ పన్నెండు ముక్కల బయాప్సీయే.

ఇందులో అల్ట్రాసౌండ్ పాత్ర ఎలా మారిందో గమనించాలి. క్యాన్సర్‌ను కళ్లతో పట్టే పని నుంచి దాన్ని తప్పించారు, సూదిని చేయిపట్టి నడిపించే పని ఇచ్చారు. గ్రంథి హద్దు ఎక్కడ, మూత్రనాళం ఎక్కడ, సూది మొన ఇప్పుడు ఎక్కడ ఉంది అన్నవి తెర మీద అదే క్షణంలో కనిపిస్తాయి. అంతకుముందు వేలి స్పర్శతో అంచనాగా గుచ్చేవారు. దానితో పోలిస్తే ఇది ఎంతో మేలు. చేసే తీరు కూడా కొంత తేలికైంది: గ్రంథి చుట్టూ మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, స్ప్రింగు బిగించిన సూది తుపాకీ టప్పుమని పేలి కన్ను మూసి తెరిచేలోపు దారంలాంటి ముక్కను లాగేస్తుంది. ఆ చప్పుడుకే రోగి ఉలిక్కిపడతాడని కొందరు డాక్టర్లు ముందే ఒకసారి ఉత్తుత్తిగా పేల్చి వినిపిస్తారు.

అయితే ఈ పద్ధతి పునాదిలోనే ఒక లోపం ఉంది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటాం. కుండంతా ఒకేలా ఉడుకుతుంది కాబట్టి అది చెల్లుతుంది. ప్రోస్టేట్‌లో వెతికేది ఉడుకును కాదు, అన్నంలో రాయిని. పన్నెండు మెతుకులు తీసి చూసినా రాయి పదమూడో మెతుకు పక్కన ఉండవచ్చు. లెక్క వేసి చూడండి: ఒక్కో ముక్క ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవు, మిల్లీమీటరు కూడా లేని మందం. పన్నెండూ కలిపితే సీసీలో పదో వంతు. నలభై సీసీల గ్రంథిలో అది నూరింట ఒక పాలు కూడా కాదు. మలాశయం వైపు నుంచి వెళ్లే సూదికి గ్రంథి ముందు భాగం అందడం కష్టం, అక్కడ దాక్కున్న గడ్డలు ఏళ్ల తరబడి దొరకకుండా ఉండేవి. మరోవైపు, ప్రాణానికి ఎన్నడూ ముప్పు తేని చిట్టి క్యాన్సర్లు వెతక్కుండానే సూదికి చిక్కేవి. వేరే కారణాలతో చనిపోయిన వృద్ధులను పరీక్షించినప్పుడు చాలామందిలో అలాంటివి కనిపించాయి. వాళ్లకు బతికున్నంత కాలం అవి ఉన్నట్టే తెలియదు. అవసరమైనది తప్పిపోవడం, అనవసరమైనది దొరకడం రెండూ ఒకే పరీక్షలో జరిగేవి.

ఇన్‌ఫెక్షన్ సంగతి కూడా చెప్పాలి. మలాశయం గోడను దాటే సూది అక్కడి సూక్ష్మజీవులను వెంటబెట్టుకుని గ్రంథిలోకి పోతుంది. ముందుగా యాంటీబయాటిక్ ఇస్తారు, కానీ మందుల దుకాణంలో చీటీ లేకుండా యాంటీబయాటిక్‌లు కొనుక్కునే మన అలవాటు వల్ల ఆ మందులకు లొంగని సూక్ష్మజీవులు మన పేగుల్లో కాపురం పెట్టాయి. బయాప్సీ తర్వాత మూత్రంలో, మలంలో కొన్ని రోజులు, వీర్యంలో కొన్ని వారాలు రక్తపు జీర కనిపించడం మామూలే. చలితో జ్వరం వస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదు, అది రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకిన సూచన కావచ్చు. ఈ బెడద తగ్గించడానికే ఇప్పుడు చాలా చోట్ల ప్రోబును మలాశయంలోనే ఉంచి, సూదిని మాత్రం వృషణాలకూ మలద్వారానికీ మధ్య ఉన్న చర్మంలోంచి పంపుతున్నారు. యూరప్ యూరాలజీ మార్గదర్శకాలు ఈ దారినే మెరుగైనదిగా చెబుతున్నాయి. ముందు భాగంలోని గడ్డలకూ ఇది అందుబాటు.

కొలబద్దగా స్కానింగ్

అందరూ పట్టించుకోని పని ఒకటి అల్ట్రాసౌండ్ ఏళ్లుగా నిశ్శబ్దంగా చేస్తోంది: కొలవడం. గ్రంథి పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో హెచ్చించి, దాన్ని మళ్లీ 0.52తో హెచ్చిస్తే వచ్చేదే రిపోర్టులోని ఆ సీసీ అంకె. దీని విలువ తెలియాలంటే పీఎస్‌ఏ అనే రక్తపరీక్షను పక్కన పెట్టి చూడాలి.

పీఎస్‌ఏ ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రోటీన్. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని క్యాన్సర్ గుర్తింపునకు వాడవచ్చని 1994లో అనుమతించింది. మిల్లీలీటరు రక్తంలో 4 నానోగ్రాములు దాటితే అనుమానం అన్న లెక్క అప్పటినుంచి స్థిరపడింది. ఆ గీత ఎంత మసకదో 2004లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం బయటపెట్టింది: పీఎస్‌ఏ 4 దాటని మగవాళ్లకు బయాప్సీ చేస్తే సుమారు 15 శాతం మందిలో క్యాన్సర్ కనిపించింది. పైగా క్యాన్సర్ లేకపోయినా పెద్ద గ్రంథి ఎక్కువ పీఎస్‌ఏను వదులుతుంది. ఇన్‌ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది.

ఇద్దరు మనుషులను ఊహించుకోండి, ఇద్దరికీ పీఎస్‌ఏ 6. ఒకరి గ్రంథి 80 సీసీ, మరొకరిది 25 సీసీ. ఆరును ఎనభైతో భాగిస్తే 0.075, పాతికతో భాగిస్తే 0.24. మొదటివారిలో ఆ ఆరును పెద్ద గ్రంథే సంజాయిషీ చెప్పుకోగలదు. రెండోవారిలో అంత చిన్న గ్రంథి అంత పీఎస్‌ఏ ఎందుకు వదులుతోందో తేల్చాల్సిందే. పీఎస్‌ఏ సాంద్రత అనే ఈ భాగహారంలో 0.15 దాటితే డాక్టర్లు జాగ్రత్త పడతారు. ఇందులో తమాషా చూడండి. రిపోర్టులో ఏ అంకె చూసి ఇంటిల్లిపాదీ భయపడ్డారో, ఆ పెద్ద అంకే ఒక్కోసారి అనవసరమైన సూదిని తప్పిస్తుంది. ‘గ్రేడ్ టూ’ అన్న మాటను వదిలేసి ఆ సీసీ అంకెను అట్టిపెట్టుకోండి అని నేనైతే చెబుతాను.

ఎంఆర్‌ఐ వచ్చాక

చూసే పనిని అల్ట్రాసౌండ్ నుంచి ఎంఆర్‌ఐ లాక్కుంది. 2017లో బ్రిటన్‌లో 576 మంది మీద జరిగిన ప్రామిస్ అధ్యయనంలో ప్రతివారికీ ఎంఆర్‌ఐ తీశారు, అల్ట్రాసౌండ్ సాయంతో మామూలు బయాప్సీ చేశారు, రెండింటినీ సరిచూడటానికి మత్తు ఇచ్చి ప్రతి ఐదు మిల్లీమీటర్లకూ ఒక ముక్క తీసి పటం గీశారు. ముప్పు తెచ్చే రకం క్యాన్సర్లలో 93 శాతాన్ని ఎంఆర్‌ఐ పసిగట్టింది. మామూలు బయాప్సీ పట్టింది 48 శాతమే. నాణేన్ని పైకి ఎగరేసినంత. మరుసటి ఏడాది వచ్చిన ప్రెసిషన్ అధ్యయనం 500 మందిలో ఇంకో సంగతి చూపింది: ముందు ఎంఆర్‌ఐ తీసి, అనుమానం ఉన్నచోటే సూది గుచ్చితే 38 శాతం మందిలో ముప్పున్న క్యాన్సర్ దొరికింది, పాత పద్ధతిలో 26 శాతం మందిలోనే. అనవసరంగా దొరికే చిట్టి క్యాన్సర్లు 22 శాతం నుంచి 9 శాతానికి తగ్గాయి.

ఇక అల్ట్రాసౌండ్ పని అయిపోయిందనుకుంటే పొరపాటు. ఎంఆర్‌ఐ బొమ్మ నిన్నటి ఫొటో, సూదికి కావలసింది ఈ క్షణపు దృశ్యం. ఎంఆర్‌ఐ సొరంగంలోనే బయాప్సీ చేయడం సాధ్యమే కానీ చాలా ఖర్చు, చాలా సమయం. కాబట్టి ఎంఆర్‌ఐలో గుర్తించిన గడ్డ హద్దులను కంప్యూటర్ సాయంతో అల్ట్రాసౌండ్ తెర మీద అతికిస్తారు. దీన్ని ఫ్యూజన్ బయాప్సీ అంటారు. ఇందులోని చిక్కు మెత్తని వస్తువులతో పనిచేసేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఎంఆర్‌ఐ తీసినప్పుడు గ్రంథి తన మానాన తను ఉంటుంది, బయాప్సీ వేళ ప్రోబు దాన్ని వెనుక నుంచి నొక్కుతుంది, ఆకారం మారుతుంది. మడత పడ్డ చీర మీద, మడత లేనప్పటి డిజైను కాగితం పెట్టి పువ్వు ఎక్కడుందో వెతకడం లాంటిది. సాఫ్ట్‌వేర్ సాగదీసి సర్దుతుంది, అయినా కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతాయి. ఆ సాఫ్ట్‌వేర్ లేనిచోట డాక్టరు ఎంఆర్‌ఐ బొమ్మను మనసులో పెట్టుకుని గుచ్చుతాడు. అనుభవం ఉన్న చేతుల్లో ఇదీ బాగానే నడుస్తుంది.

శబ్దానికి మళ్లీ పదును

అల్ట్రాసౌండ్ పరిశోధకులు ఊరుకోలేదు. కొందరు గట్టిదనాన్ని కొలిచే దారి పట్టారు. బజారులో మామిడిపండు పండిందో లేదో వేలితో నొక్కి చూస్తాం కదా, ఆ నొక్కడాన్ని శబ్దతరంగంతోనే చేయించి, కణజాలం ఎంత గట్టిగా ఉందో రంగుల్లో చూపించేది ఎలాస్టోగ్రఫీ. క్యాన్సర్ గడ్డ సాధారణంగా చుట్టూ ఉన్న భాగం కన్నా గట్టిగా ఉంటుంది. గ్రంథిలో పేరుకునే సున్నపు గుళికలూ, పాత వాపు ముడులూ కూడా గట్టిగానే ఉండటం ఇక్కడి తలనొప్పి. ఇంకొందరు నరంలోకి అతి చిన్న వాయు బుడగలను ఎక్కించి, రక్తం ఎక్కడ తొందరగా పరుగెడుతోందో చూశారు. మామూలు బొమ్మ, రక్తప్రవాహం, గట్టిదనం, బుడగలు నాలుగూ కలిపి ఎంఆర్‌ఐతో పోటీ పెట్టిన అధ్యయనం కాడ్‌మస్. 2022లో వెలువడిన దాని ఫలితాల ప్రకారం ఈ నాలుగు కలిసిన స్కానింగ్ ముప్పున్న క్యాన్సర్లను ఎంఆర్‌ఐ కన్నా 4.3 శాతం మాత్రమే తక్కువగా పట్టింది. అయితే దాని మాట వింటే మరో 11 శాతం మందికి సూది తప్పదు. ఓటమే, కానీ పరువైన ఓటమి.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది మాత్రం మైక్రో అల్ట్రాసౌండ్. ఇది సన్నాయిని గుమ్మంలోకి కాదు, నట్టింట్లోకే తెచ్చింది. మలాశయంలోంచి పంపే మామూలు ప్రోబు కన్నా సుమారు మూడింతలు, 29 మెగాహెర్ట్జ్ కంపనాలు. వివరాలు 70 మైక్రాన్ల దాకా, అంటే వెంట్రుక మందం స్థాయిలో కనిపిస్తాయి. ఈ తెర మీద బయటి పొరలోని ఆ చిట్టి గొట్టాలు జల్లెడ రంధ్రాల్లా విడివిడిగా తెలుస్తాయి. క్యాన్సర్ ఉన్నచోట జల్లెడ చెదిరి, తడి వేలితో సిరాను అలికినట్టు ఉంటుంది. 1980ల్లో నల్లమచ్చ కోసం వెతికినవాళ్లు నిజానికి ఈ గొట్టాల గోడల గురించే వెతికారు, అప్పటి కళ్లకు అవి అందలేదు.

2025లో వెలువడిన ఆప్టిమమ్ అధ్యయనం 678 మందిని మూడు జట్లుగా చేసింది. మైక్రో అల్ట్రాసౌండ్‌తోనే బయాప్సీ చేసిన జట్టులో 47.1 శాతం మందికి, ఎంఆర్‌ఐని మామూలు అల్ట్రాసౌండ్‌తో కలిపి చేసిన జట్టులో సుమారు 43 శాతం మందికి ముప్పున్న క్యాన్సర్ బయటపడింది. మైక్రో అల్ట్రాసౌండ్, ఎంఆర్‌ఐ రెండూ కలిపి చేసింది మూడో జట్టుకు. ఈ తేడాను చూసి మైక్రో అల్ట్రాసౌండ్ గెలిచిందని చెప్పలేం. ఎంఆర్‌ఐ కన్నా తీసిపోదని చెప్పడానికి చేసిన పరీక్ష ఇది, అది నెగ్గింది. కీచు శబ్దం పాత బేరం నుంచి తప్పించుకోలేదని కూడా గుర్తుంచుకోవాలి. గ్రంథి పెద్దదైతే ముందు భాగం దాకా ఆ శబ్దం బలంగా చేరదు, సున్నపు గుళికలు అడ్డుపడితే వాటి వెనుక నీడే మిగులుతుంది.

మనలాంటి చోట దీని ఆకర్షణ ఎక్కడుందంటే, చూడటం, గుచ్చడం ఒకే గదిలో, ఒకే పూటలో అయిపోతాయి. శ్రీకాకుళం పల్లె నుంచో ఆదిలాబాద్ మారుమూల నుంచో ప్రోస్టేట్ ఎంఆర్‌ఐ కోసం నగరానికి ఒకసారి, దాన్ని చదివించి బయాప్సీకి మరోసారి, ఫలితానికి ఇంకోసారి వచ్చే పెద్దాయనకు ప్రతి ప్రయాణం ఒక కూలీ, ఒక తోడు. ఒక్క ప్రయాణం తగ్గినా లెక్కలోకి వస్తుంది. కానీ అల్ట్రాసౌండ్ బొమ్మ సగం యంత్రానిది, సగం చేతిది. అదే ప్రోబు శిక్షణ లేని చేతిలో ఉంటే జల్లెడా, అలికిన సిరా రెండూ ఒకేలా కనిపిస్తాయి. యంత్రాన్ని కొనడం ఒక్కరోజు పని, చేతిని తయారుచేయడం ఏళ్ల పని. ఎంఆర్‌ఐ వైపు నుంచీ ఖర్చు తగ్గే కబురు ఒకటి వచ్చింది: ఇంజెక్షన్ మందు లేకుండా తీసే పొట్టి ఎంఆర్‌ఐ పూర్తి ఎంఆర్‌ఐకి తీసిపోదని 490 మందితో జరిపిన ప్రైమ్ అధ్యయనం 2025లో తేల్చింది. పోటీ రెండు వైపులా సాగడం రోగికి మంచిదే.

బీరువాలోని ఆ రిపోర్టు

మళ్లీ మొదటి కాగితం దగ్గరికి వద్దాం. మన దేశంలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ప్రభుత్వ ముందస్తు పరీక్షల కార్యక్రమం ఉంది, ప్రోస్టేట్‌కు లేదు. అందువల్ల పొట్ట స్కానింగ్‌లో అనుకోకుండా తగిలిన ఆ ఒక్క మాటే చాలామందికి ఈ విషయంలో మొదటి పలకరింపు. దాన్ని పలకరింపుగానే తీసుకుని, యాభై దాటినవాళ్లు పీఎస్‌ఏ చేయించుకోవాలా వద్దా అన్నది డాక్టరుతో మాట్లాడటం సమంజసం. తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ మాట నలభై అయిదుకే ఎత్తవచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్న వారంలో చేయించుకుంటే అంకె పెరిగి అనవసరపు కంగారు పుడుతుంది, తగ్గాక చేయించుకోవడం మేలు.

ఇంకొక్క సంగతి, చాలా ఇళ్లలో జరిగేది. వాపు తగ్గడానికని ఇచ్చే మాత్రల్లో కొన్నిటిలో డ్యూటాస్టెరైడ్ లేదా ఫినాస్టెరైడ్ ఉంటుంది, ఎక్కువగా మూత్రం ధారను తేలిక చేసే టామ్సులోసిన్‌తో కలిపి ఒకే మాత్రగా. ఆరు నెలలు, ఏడాది వాడాక ఇవి గ్రంథిని కుదిస్తాయి, పీఎస్‌ఏను సుమారు సగానికి తగ్గిస్తాయి. అలాంటి మనిషికి పీఎస్‌ఏ 3 వచ్చిందంటే దాన్ని ఆరుగా చదవాలి. ల్యాబు కాగితం మీద మాత్రం అది మామూలు అంకెగానే అచ్చవుతుంది, పక్కన హెచ్చరిక గుర్తు ఏదీ ఉండదు. స్కానింగ్ రిపోర్టు, రక్తపరీక్ష రెండూ పట్టుకుని వెళ్లేటప్పుడు రోజూ వేసుకుంటున్న మందుల చీటీ కూడా జేబులో పెట్టుకోండి.